బీరువా తాళం తీయించిన అయిదు సూత్రాలు

విత్తనాల దుకాణంలో రైతు తెలంగాణ సోనా కావాలని అడగడు. "ఆర్‌ఎన్‌ఆర్ ఉందా?" అంటాడు. ఆర్‌ఎన్‌ఆర్ 15048. ముందున్న మూడక్షరాలూ రాజేంద్రనగర్‌వి. 2015లో విడుదలైన ఈ వరి రకాన్ని మారుటేరు నుంచి వచ్చిన ఎంటీయూ 1010నీ, జగిత్యాల నుంచి వచ్చిన జేజీఎల్ 3855నీ సంకరం చేసి తీశారు. గింజ సన్నం, పంటకాలం తక్కువ, అగ్గితెగులును తట్టుకుంటుంది. రైతుకు ఇంత తెలిస్తే చాలు. రాజేంద్రనగర్ వ్యవసాయ కళాశాలలో అగ్గితెగులు మీద థీసిస్ రాయబోయే ఎమ్మెస్సీ విద్యార్థినికి మాత్రం ఇది మొదలు కూడా కాదు. తనకంటే ముందు ఎవరు ఏం కనిపెట్టారో, ఏ రకాల మీద పరీక్షించారో, ఎక్కడ దెబ్బతిన్నారో ఒక అధ్యాయం నిండా చెప్పాకే సొంత ప్రయోగం మాట ఎత్తాలి.

ఆ అమ్మాయి లైబ్రరీకి వెళ్తుంది. అక్కడే చిక్కు. డ్యూయీ పద్ధతిలో సర్దిన లైబ్రరీలో వరి పుస్తకాలు 633.18 దగ్గర ఉంటాయి. మొక్కల తెగుళ్లు 632 దగ్గర. జన్యుశాస్త్రం ఎక్కడో 500లలో, వేరే వరసలో. అడిగేది ఒక్క ప్రశ్న, జవాబు మూడు బీరువాల్లో. గ్రంథాలయ శాస్త్రం అనే మాట వినగానే చాలామందికి ఆవులింత వస్తుంది కానీ, ఆ శాస్త్రమంతా ఈ చిన్న ఇబ్బందిని పట్టుకుని వేలాడిన మనుషుల కథే. ఇంకో సంగతి కూడా ఉంది. దాని రెండు ముఖ్యమైన ఆవిష్కరణలూ రాజుల గ్రంథాలయాల్లో పుట్టినవి కావు. ఒకటి కాలేజీ లైబ్రరీలో, రెండోది యూనివర్సిటీ లైబ్రరీలో పుట్టాయి.

మొదటిది అమెరికాలోని ఆమ్హర్స్ట్ కాలేజీలో. మెల్విల్ డ్యూయీ అక్కడ చదువుకుంటూనే లైబ్రరీలో సహాయకుడిగా పనిచేసేవాడు. ఆ రోజుల్లో పుస్తకానికి నంబరు వేయడమంటే నిజానికి అది కూర్చునే చోటుకు నంబరు వేయడం. ఫలానా గది, ఫలానా బీరువా, ఫలానా అర. అర నిండిపోయి కొత్త పుస్తకాలొస్తే పాతవాటిని జరపాలి, జరిపిన ప్రతిదానికీ నంబరు కొట్టేసి మళ్లీ రాయాలి, కేటలాగులోనూ మార్చాలి. కాలేజీకి డబ్బొచ్చి పుస్తకాలు పెరిగేకొద్దీ ఈ చాకిరీ పెరిగేది. నంబరును అరకు కాకుండా విషయానికి ఇస్తే ఎలా ఉంటుందన్నది డ్యూయీ ఆలోచన. అప్పుడు బీరువాలు మారినా, భవనమే మారినా 633 తరవాత 634 వస్తుంది. 1876లో రచయిత పేరు లేకుండా ఒక సన్నటి పుస్తకంగా దాన్ని అచ్చువేశాడు. నేటికీ మన కాలేజీల్లో పుస్తకం వీపు మీద అంటించే చీటీ మీద కనిపించే అంకెలు చాలావరకు ఆ సన్నటి పుస్తకం సంతానమే.

రెండోది మద్రాసులో. దీన్ని మన కథ అనుకోవడానికి గట్టి కారణమే ఉంది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చేదాకా కోస్తా, రాయలసీమ కాలేజీలు మద్రాసు విశ్వవిద్యాలయం కిందివే. ఆ విశ్వవిద్యాలయం 1923లో తన పుస్తకాల సంగతి చూడటానికి లైబ్రేరియన్ పోస్టు ఒకటి సృష్టించింది. దాదాపు 900 మంది దరఖాస్తు చేశారు. వాళ్లలో గ్రంథాలయ శిక్షణ ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఎంపికైన షియాళి రామామృత రంగనాథన్ ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కల లెక్చరరు. లైబ్రరీల గురించి ఆయనకు తెలిసిందల్లా ఇంటర్వ్యూకు కొద్ది రోజుల ముందు ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో చదివిన ఒక వ్యాసం.

1924 జనవరిలో చేరాడు. వారాలు తిరక్కుండానే విసుగెత్తిపోయింది. నిండు తరగతిలో పాఠం చెప్పినవాడు ఒంటరిగా పుస్తకాల మధ్య కూర్చోలేకపోయాడు. నా లెక్కలు నాకిచ్చేయండని పాత ఉద్యోగం కోసం పైవాళ్లను బతిమాలాడు. వాళ్లొక ఒప్పందానికి వచ్చారు. ముందు లండన్ వెళ్లి లైబ్రరీలు ఎలా నడుస్తున్నాయో చూసిరా, అప్పటికీ మనసు మారకపోతే లెక్చరరు ఉద్యోగం నీదే అన్నారు. భారతీయ గ్రంథాలయ శాస్త్రానికి పునాది ఒక మనిషి విసుగు మీద పడిందంటే నవ్వొస్తుంది కానీ, నాకు అదే నచ్చుతుంది. పుస్తకాల మధ్య ఊరికే కూర్చోవడం హాయిగా తోచినవాడైతే అక్కడికి మనుషులను రప్పించాలని అంత తపించేవాడు కాదు.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో వర్గీకరణ చెప్పినది బెర్విక్ సేయర్స్. క్రాయ్‌డన్ పట్టణ గ్రంథాలయాలకు అధిపతి కూడా ఆయనే. రంగనాథన్ ఇంగ్లండులో ఎన్నో లైబ్రరీలు తిరిగాడు. కూలీలకూ పిల్లలకూ ఆడవాళ్లకూ తలుపులు తెరిచి ఉండటం చూశాడు. అప్పటికే డ్యూయీ పద్ధతిలో ఆయనకొక లోపం కనిపించింది. అందులో ప్రతి విషయానికీ ముందే ఒక గడి గీసి ఉంటుంది. రెండు మూడు విషయాలు కలిసిన పుస్తకం వస్తే ఏదో ఒక గడిలో కుక్కాల్సిందే. ఒకరోజు సెల్ఫ్రిడ్జ్ దుకాణంలో మెకానో బొమ్మల సెట్టు ఆయన కంటపడింది. అవే ఇనుప పట్టీలు, అవే చక్రాలు, అవే మరలు. బిగించే తీరును బట్టి క్రేనవుతుంది, వంతెనవుతుంది, బండి అవుతుంది. పుస్తకం నంబరును కూడా అలా ముక్కల నుంచి బిగించుకోవచ్చు కదా అని తట్టింది.

అగ్గితెగులు థీసిస్‌నే తీసుకుందాం. రంగనాథన్ పద్ధతిలో వ్యవసాయానికి జె అక్షరం. దాని వెనక ఏ పంట? వరి. ఆ పంటకు ఏమైంది? తెగులు. దాన్ని ఏం చేశారు? నివారణ. ఎక్కడ? తెలంగాణలో. ఎప్పుడు? ఫలానా దశకంలో. ఒక్కో ప్రశ్నకు ఒక్కో ముక్క, మధ్యలో కోలన్ గుర్తు. రేపు కొత్త తెగులు వచ్చినా, కొత్త పంట వచ్చినా పట్టికలో ఒక ముక్క చేరితే సరిపోతుంది, గడులన్నీ మళ్లీ గీయనక్కర్లేదు. 1933లో కోలన్ క్లాసిఫికేషన్ పేరుతో అది అచ్చయింది. నిజం చెప్పాలంటే అది గెలవలేదు. నంబర్లు పొడవు, అటెండరుకు సర్దడం కష్టం. మన లైబ్రరీలు ఎక్కువగా డ్యూయీ దగ్గరే ఉండిపోయాయి. కానీ ఇవాళ లైబ్రరీ కంప్యూటర్లో వెతికేటప్పుడు పక్కన విషయం, భాష, సంవత్సరం, రచయిత అని విడివిడిగా టిక్కు పెట్టుకునే సౌకర్యం ఉంది చూశారూ, ఆ ఆలోచన ఆయనదే. పుస్తకం వీపు మీద ఓడిపోయి తెర మీద గెలిచింది.

1925లో తిరిగొచ్చిన మనిషి లెక్కల ఉద్యోగం ఊసే ఎత్తలేదు. అయితే లెక్కల బుద్ధి పోలేదు. ఇంగ్లండులో చూసినవన్నీ మంచి పద్ధతులే. సాయంత్రం పూట తెరిచి ఉంచడం, అరల దగ్గరికి పాఠకుడిని పోనివ్వడం, పిల్లలకు వేరే గది. కానీ ఇవన్నీ విడివిడి అలవాట్లు. యూక్లిడ్ స్వయంసిద్ధాల నుంచి సిద్ధాంతాలన్నీ వచ్చినట్టు, ఈ అలవాట్లన్నీ ఏ రెండు మూడు మాటల నుంచి వస్తాయి? ఆ ప్రశ్నతో కొన్నేళ్లు కుస్తీ పట్టాడు. 1928లో ఒక సాయంత్రం ఆయనకు లెక్కలు నేర్పిన గురువు, మద్రాసు క్రిస్టియన్ కాలేజీ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ రాస్ లైబ్రరీకి వచ్చాడు. శిష్యుడి అవస్థ విని, నీ మొదటి సూత్రం పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికే అన్నది కదా అని నవ్వుతూ తేల్చేశాడు. అది దొరకగానే మిగతా నాలుగూ వరసగా వచ్చేశాయి. ప్రతి పాఠకుడికీ అతనికి కావలసిన పుస్తకం అందాలి. ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలి. పాఠకుడి సమయం వృథా కాకూడదు. గ్రంథాలయం పెరుగుతూ ఉండే ప్రాణి. ఆ డిసెంబరులో చిదంబరంలో జరిగిన సభలో ఆయన వీటిని చెప్పాడు. 1931లో మద్రాసు గ్రంథాలయ సంఘం పుస్తకంగా వేసింది.

ఇంతా చేస్తే ఇదేనా, ఎవరికి తెలియదు అనిపిస్తుంది. అందుకే మొదటి సూత్రం దగ్గర కాసేపు ఆగాలి. పుస్తకాలు వాడుకోవడానికి కాకపోతే ఇంకెందుకు? దాచుకోవడానికి. చరిత్రలో ఎక్కువకాలం జవాబు అదే. ఇంగ్లండులో హెరెఫర్డ్ చర్చిలో పుస్తకాలను గొలుసులతో బల్లలకు కట్టేసిన లైబ్రరీ ఇప్పటికీ ఉంది. మనవాళ్లు తాటాకు గ్రంథాలను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టి, సరస్వతీ పూజనాడు దించి పసుపు కుంకుమలు పెట్టి మళ్లీ ఎక్కించేవాళ్లు. మన కాలేజీల్లో గొలుసు లేదు, అటక లేదు, తాళం వేసిన గాజు బీరువా వచ్చింది. అద్దంలోంచి పుస్తకం పేరు కనిపిస్తుంది. కావాలంటే చీటీ రాసివ్వాలి. అటెండరు తాళంచెవి తెస్తాడు, అతను టీకి వెళ్లకపోతే.

ఆ తాళం వెనక ఉన్నది లైబ్రేరియన్ పిసినారితనం అనుకుంటే పొరపాటు. భయం. యాక్సెషన్ రిజిస్టర్లో ప్రతి పుస్తకానికీ ఒక వరస నంబరు. ఏటా స్టాక్ వెరిఫికేషన్. లెక్క తగ్గితే సంజాయిషీ, ఒక్కోసారి జీతంలో కోత. అలాంటప్పుడు ఎవరైనా తాళమే వేస్తారు. నిజానికి కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిబంధనలే ఈ విషయంలో మనకంటే ఉదారంగా ఉన్నాయి. ఏడాదిలో ఇచ్చిన, చూసిన ప్రతి 1,000 పుస్తకాలకూ అయిదు పోవడం సహజమేనని, అందులో నిర్లక్ష్యమో మోసమో లేకపోతే సరేనని అవి ఒప్పుకుంటాయి. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకమూ అరుదైన పుస్తకమూ పోతేనే తప్పనిసరిగా విచారణ జరగాలి. వాడితే కొన్ని పోతాయన్న మాటను రూలు పుస్తకంలోకి ఎక్కించడం చిన్న విషయం కాదు. మొదటి సూత్రం ఆడిట్ భాషలోకి దిగిందన్నమాట. ఈ రూలు సంగతి తెలిసి, ధైర్యం చేసి తాళం తీసే ప్రిన్సిపాళ్లు ఎందరున్నారన్నది వేరే సంగతి.

రంగనాథన్ మద్రాసులో తాళాలు తీయించాడు. పాఠకులను నేరుగా అరల దగ్గరికి పోనిచ్చాడు. వేళలు పెంచి రోజంతా, సెలవుల్లోనూ తెరిచి ఉంచాడు. 1929లోనే గ్రంథాలయ శిక్షణ తరగతులు మొదలుపెట్టాడు.

అయితే తెలుగువాళ్లు ఈ సూత్రాల కోసం 1931 దాకా ఎదురుచూడలేదని కూడా చెప్పుకోవాలి. 1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు, రావిచెట్టు రంగారావు దాని వెనక ఉన్నవాళ్లు. 1914 ఏప్రిల్ 10న అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం. 1935లో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పాడు. ప్రతి పాఠకుడికీ పుస్తకం అన్న రెండో సూత్రాన్ని ఇంతకంటే బాగా ఎవరు ఆచరించారు? కాకపోతే ఇదంతా ఊళ్ల ఉద్యమం, చందాలతో నడిచింది. దాని గాలి కాలేజీ లైబ్రరీలకు తగలడానికి చాలాకాలం పట్టింది. రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్‌గా ఉన్న 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం గ్రంథాలయ కోర్సు పెట్టింది. ఆయనే అధ్యక్షుడిగా 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ కమిషన్ బడ్జెట్‌లో ఆరుంపావు శాతం లైబ్రరీకి ఇవ్వమంది. ఇచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. 1957లో యూజీసీ వేసిన లైబ్రరీ కమిటీకి రంగనాథనే అధ్యక్షుడు. ఉస్మానియాలో గ్రంథాలయ శాస్త్ర శాఖ 1959లో మొదలైంది.

రాజేంద్రనగర్‌కు ఈ కథ కొంచెం వేరే దారిన వచ్చింది. ఇక్కడి వ్యవసాయ కళాశాల 1946లో ఉస్మానియా కింద మొదలైంది. 1964 జూన్ 12న ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడి బాపట్ల, తిరుపతి కళాశాలలతో పాటు దీన్నీ తనలో కలుపుకుంది. 1965 మార్చి 20న ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి లాంఛనంగా ప్రారంభించారు. తిండిగింజలు ఓడల్లో తెచ్చుకుంటున్న రోజులవి. అమెరికా సాయంతో కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ ఈ కొత్త సంస్థకు తోడుగా నిలబడింది. 1862 మోరిల్ చట్టంతో పుట్టిన భూదాన విశ్వవిద్యాలయాల సంప్రదాయం వాళ్లది. బోధన, పరిశోధన, పొలానికి చేరవేయడం మూడూ ఒకే కప్పు కింద ఉండాలనేది అందులో ప్రధానం.

ఆ నమూనాతో పాటు వచ్చిన ఒక మార్పు లైబ్రరీ తలరాత మార్చింది. మామూలు డిగ్రీ కాలేజీలో అప్పట్లో ఏడాది చివర ఒకే పరీక్ష, బయటివాళ్లు ప్రశ్నపత్రం తీసేవాళ్లు, ఒక గైడు కొనుక్కుంటే గండం గడిచేది. లైబ్రరీ ఉన్నా లేకపోయినా ఒకటే. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో కోర్సులు, క్రెడిట్లు. పాఠం చెప్పినవాడే పరీక్ష పెట్టేవాడు, మధ్యమధ్య అసైన్‌మెంట్లు, సెమినార్లు. ఒక పాఠ్యపుస్తకంతో గట్టెక్కడం కుదిరేది కాదు. కాబట్టి విద్యార్థికి లైబ్రరీకి రాక తప్పేది కాదు. కాలేజీ లైబ్రరీ పాత్ర గురించి ఎన్ని ఉపన్యాసాలు చెప్పినా, దాన్ని అసలు నిర్ణయించేది ప్రశ్నపత్రమేనని నా అనుమానం.

ఆ రోజుల నాటి ఇష్యూ కౌంటరును గుర్తు చేసుకుంటే ముచ్చటేస్తుంది. పుస్తకం వెనక అట్ట లోపల ఒక కాగితం జేబు. అందులో బుక్ కార్డు, దాని మీద కాల్ నంబరు, రచయిత, పేరు, యాక్సెషన్ నంబరు. విద్యార్థి దగ్గర సంచీలా కుట్టిన చిన్న టికెట్టు. లైబ్రేరియన్ బుక్ కార్డు తీసి టికెట్టు సంచీలో దూర్చి, తేదీ వరసలో చెక్క ట్రేలో నిలబెట్టేవాడు. ఎదురుగా అంటించిన చీటీ మీద రబ్బరు స్టాంపు టక్కున పడేది. అంతే, ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో, ఎప్పుడు రావాలో ఆ ట్రేనే చెప్పేది. నీనా బ్రౌన్ అనే అమెరికన్ లైబ్రేరియన్ పేరు మీద చలామణి అయిన పద్ధతి ఇది. ఎవరైనా మొదటి పేజీ చింపేసి తనదే పొమ్మంటే, ఏ లైబ్రరీకి ఆ లైబ్రరీ ఎంచుకున్న సీక్రెట్ పేజీ ఒకటుంటుంది, అక్కడ లోపల ఇంకో ముద్ర. చివరికి హాల్‌టికెట్టు వేళకు "నో డ్యూస్" కోసం అందరూ ఆ కౌంటరు ముందు నిలబడేవాళ్లే.

ట్రేల స్థానంలో బార్‌కోడ్ వచ్చింది, కార్డుల బీరువా స్థానంలో కోహా లాంటి సాఫ్ట్‌వేర్ వచ్చింది. వ్యవసాయ విద్యార్థులకు అసలు తేడా తెచ్చింది మాత్రం జర్నళ్ల దగ్గర. విదేశీ జర్నళ్ల చందా ఒక్కో యూనివర్సిటీ విడిగా కట్టలేక మానేస్తూ వచ్చిన కాలంలో, 2007 నవంబరులో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ కేంద్రంగా సెరా అనే ఉమ్మడి ఏర్పాటు మొదలైంది. దేశంలోని వ్యవసాయ సంస్థలు ఒకే చందాతో జర్నళ్లు చూసుకునే వీలు కలిగింది. పాత థీసిస్‌లను స్కాన్ చేసి కృషికోశ్‌లో పెట్టారు. 2025 జనవరి నుంచి ఒకే దేశం ఒకే చందా పథకం కింద ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు దాదాపు 13,000 అందుబాటులోకి వచ్చాయి. అరలో నిద్రపోతున్న థీసిస్‌ను ఎక్కడో కూర్చున్న మనిషి దగ్గరికి చేర్చడమంటే మూడో సూత్రమే, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు.

అయిదో సూత్రాన్ని రాజేంద్రనగర్ కొంచెం వింతగా అమలుచేసింది. పెరిగే ప్రాణి ఇక్కడ చీలుతూ పెరిగింది. 1996లో విశ్వవిద్యాలయానికి ఆచార్య ఎన్.జి.రంగా పేరు పెట్టారు. 2005లో పశువైద్యం, 2007లో ఉద్యానం వేరే విశ్వవిద్యాలయాలయ్యాయి. 2014లో రాష్ట్రంతో పాటు మిగిలినదీ రెండైంది. ఇక్కడిది ప్రొఫెసర్ జయశంకర్ పేరుతో కొత్తగా మొదలైంది. ఇదిలా ఉంటే చుట్టుపక్కల జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థకు మూలమైన సంస్థ ముస్సోరీ నుంచి తరలివచ్చింది, 1976లో వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ నార్మ్, 1987లో వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ మేనేజ్ వచ్చాయి. వరి పరిశోధన సంస్థ సరేసరి. కొద్ది కిలోమీటర్ల మేర ఇన్ని ప్రత్యేక లైబ్రరీలు పక్కపక్కన ఉన్న చోటు రాష్ట్రంలో ఇంకోటి నాకు తట్టడం లేదు. ఆరాంఘర్ చౌరస్తాలో విమానాశ్రయం బస్సెక్కేవాళ్లలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

వ్యవసాయ పీజీ విద్యార్థులకు సిలబస్‌లోనే పీజీఎస్ 501 అని ఒక కోర్సుంది, గ్రంథాలయ, సమాచార సేవలు. థియరీ క్రెడిట్లు సున్నా, ప్రాక్టికల్ ఒకటి. సారాంశ సంచికల్లో వెతకడం, ఆన్‌లైన్ కేటలాగు వాడటం, రిఫరెన్సులు పద్ధతిగా రాయడం నేర్పుతారు. పాసైతే చాలు. పాఠకుడి సమయాన్ని ఆదా చేయాలన్న నాలుగో సూత్రాన్ని పాఠకుడి చేతికే అప్పగించడం ఇది. మామూలు డిగ్రీ కాలేజీల్లో కూడా ఇలాంటిది ఒక్క ప్రాక్టికల్ పెడితే పిల్లలు గైడ్ల దుకాణం నుంచి కొంత దూరమైనా జరుగుతారు. కాలేజీలను మదింపు చేసే న్యాక్ వాళ్లు లైబ్రరీకి విడిగా మార్కులేస్తారు కనుక వాళ్లొచ్చే వారంలో ప్రతి కాలేజీలోనూ లైబ్రరీ తళతళలాడుతుంది, రిజిస్టర్లో సంతకాలు నిండుతాయి.

వేళల సంగతి మాత్రం వాళ్లు వెళ్లాక కూడా అలాగే ఉంటుంది. చాలా కాలేజీల్లో లైబ్రరీ పది నుంచి అయిదు దాకా. క్లాసులు, ప్రాక్టికల్స్ కూడా పది నుంచి అయిదు దాకే. దీన్ని సరిచేయడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. సాయంత్రం ఎనిమిది దాకా ఒక అటెండరూ నాలుగు ట్యూబులైట్లూ కావాలి.